ఊట

మొదటిసారి వచ్చినప్పుడు డబ్బా మీద పేరు లేదు.
ఒక అంకె, ఫార్మలిన్ వాసన,
లోపల ఐదు జ్లోటీల బిళ్ళంత మాంసం.
పంపు మూతి దూర్చడానికి
గుండె మొనకు సర్జన్ కంత పెడితే
ఊడివచ్చిన ముక్క.
పారేయరు దాన్ని. నా బల్ల మీదికి పంపుతారు.

మైనంలో పోశాను. ఉల్లిపొరకన్నా పల్చగా కోశాను.
కండకు ఎరుపు పట్టింది, మచ్చకు నీలం.
కణాలు ఒళ్ళు చేసి ఉన్నాయి,
బరువెత్తేవాడి మెడనరాల్లా పొంగి.
వాపును చూసి బలుపనుకోకూడదని
ఈ ఉద్యోగంలో మొదటి వారమే నేర్పారు.
జాబ్జెలో పుట్టినదాన్ని, నాకు ముందే తెలుసు.
మా నాన్న చేతులు అట్లాగే ఉండేవి.

పద్నాలుగు నెలలకు అదే అంకెతో బకెట్ వచ్చింది.
ఈసారి ముక్క కాదు, మొత్తం.
ఎక్కడో ఒక ఇంట్లో ఎవరో లేకుండా పోతే
ఇతనికి ఇంకో గుండె దొరికింది.

పాత పలకా కొత్త పలకా పక్కపక్కన పెట్టాను.
కణాలు సన్నబడ్డాయి.
బట్టలు వదులైన మనిషిలా
ఒక్కో పోగూ తన కొలతకు తాను తిరిగొచ్చింది.
కానీ నీలం పోలేదు.
పోగుకీ పోగుకీ మధ్య కూర్చునే ఉంది,
ఒకటి రెండు చోట్ల కాస్త జరిగి
ఇంకా చోటు చేసుకుంది కూడా.
నివేదికలో రెండూ రాశాను.
రెండో వాక్యం రాసేటప్పుడు కాఫీ చల్లారిపోయింది.

మార్చిలో అతనే వచ్చాడు, డాక్టర్ సంతకమున్న కాగితంతో.
అలోయ్జీ కొపియెట్స్. వెంట భార్య త్రూదా.
"నా పాతదాన్ని చూడొచ్చన్నారు."

ఇరవై ఏడేళ్ళు గనిలో పంపుల దగ్గరే పనట.
"బొగ్గు అయిపోయింది, గేటుకు తాళం పడింది,
మోటార్లు మాత్రం ఆపలేదు.
ఊట ఆగదు కదమ్మా.
మనం తోడకపోతే పక్క గని మునుగుతుంది."
అంటూ సూక్ష్మదర్శినికి కన్ను ఆనించాడు.
చాలాసేపు ఏమీ అనలేదు.
"ఈ నీలం నీళ్ళా?"
కాదన్నాను. మచ్చ, గాయం మానిన చోటు.
"మానితే మరి పోదేం?"
నా దగ్గర ఉన్న మాటలన్నీ లాటిన్‌లో ఉన్నాయి.

త్రూదా కోటు విప్పకుండానే కూర్చుంది.
ఆ పద్నాలుగు నెలలూ ఆయనకు నాడి లేదట.
నర్సు మణికట్టు పట్టుకుని
గడియారం చూసి సిగ్గుపడి వదిలేసేది.
రాత్రి తీగను గోడకు తగిలించి పడుకుంటే
రొమ్ములోంచి సన్నగా ఒకటే హోరు,
పక్కింట్లో కుట్టుమిషను ఆగనట్టు.
"మొదట్లో భయమేసింది. తర్వాత దానికే నిద్ర పట్టేది.
ఇప్పుడీ కొత్తది దబదబమంటుంది.
ఎవరో తలుపు కొడుతున్నారని లేచి కూర్చుంటాను."
ఆమె నవ్వింది. అతను నవ్వలేదు.

"విశ్రాంతి తీసుకుందా అది?" అని అడిగాడు.
ఆడుతూనే ఉందని చెప్పాను,
పని మోటారు చేస్తుంటే పక్కన నిలబడి
అలవాటు కొద్దీ చేతులాడించే ముసలి పనివాడిలా.
కొందరిలో కోలుకుని పంపునే పంపించేస్తుంది.
మీది సగం దాకా వచ్చింది.
ఆ మాట అనకుండా ఉండాల్సిందేమో.

"సగం" అన్నాడు, లెక్క రాసుకున్నట్టు.

చేతి తొడుగులిచ్చాను. జాడీ మూత తీశాను.
రెండు అరచేతుల్లోకీ తీసుకుని
బజారులో పుచ్చకాయ చూసినట్టు
కొంచెం ఎగరేసి పట్టుకున్నాడు.
నేను వద్దనేలోపే.

"తేలికైంది" అన్నాడు.

తూకం నేను ఒక్కసారే వేశాను, బయటికి తీశాక.
అంతకుముందు ఎంతుండేదో
నా పుస్తకంలో ఎక్కడా లేదు.
అతని దగ్గర ఉంది.